మన్సూబాలో మా హిస్సా

ఉర్దూలో ప్రణాళికను మన్సూబా అంటారు. పన్నాగానికీ అదే మాట వాడతారు. తెలుగులో పథకం కూడా అట్లాంటిదే. ఒకే రోజు పేపర్లో మొదటి పేజీ మీద 'పేదలకు కొత్త పథకం' అని వుంటుంది, నేరవార్తల పేజీలో 'పథకం ప్రకారమే హత్య' అని వుంటుంది. రెండు భాషల్లోనూ వార్తలు రాసి పొట్టపోసుకునే మాకు ఈ పోలిక మొదట్లో నవ్వులాటగా వుండేది. ఈ పట్నానికి వేసిన ప్లాన్లను ఒక్కొక్కటే చదివి, ఉర్దూ పాఠకుడికీ తెలుగు పాఠకుడికీ చెప్పవలసి వచ్చేకొద్దీ నవ్వు తగ్గుతూ వచ్చింది. తెలుగు డెస్కు మీద అది 'అభివృద్ధి' వార్త. ఉర్దూ డెస్కు మీద అదే కాగితం 'ఎన్ని ఇళ్లు పోతాయి, ఏ మస్జిద్ గోడ పోతుంది' అనే వార్త. జీవో ఒకటే, మ్యాపు ఒకటే. చదివేవాళ్లు ఎక్కడ నిలబడి చదువుతున్నారన్నదే తేడా.

మేం విద్యానగర్ వాళ్లం. మూసీకి ఇవతలి ఒడ్డు. మా కాలనీల్లో మా పేర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే కాచిగూడ, మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ మీదుగా ఫలక్‌నుమాలో దిగుతాం. చుట్టాలూ షాదీలూ మయ్యత్‌లూ అటు. ఉద్యోగాలు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, నారాయణగూడ కాలేజీలు ఇటు. ఒకే రైలుపెట్టెలో కూర్చుని రెండు నగరాలు చూస్తాం. కార్పొరేషన్ ఒకటే, ఇంటిపన్ను కట్టే ఖజానా ఒకటే. ప్లాను కూడా ఒకటే. కాగితం మీద మాత్రం.

ప్లాను వేయడమంటే ఏమిటి? ఇవాళ వున్నవాళ్లు రేపు వుండబోయేవాళ్ల తరఫున మాట ఇవ్వడం. ఇరవై ఏళ్ల తర్వాత ఫలానా చోట రోడ్డు, ఫలానా చోట పార్కు, ఫలానా చోట బజారు అని గీత గీసి దాని మీద సర్కారు ముద్ర కొట్టడం. అయితే గీత పడిన రోజునుంచే అక్కడి ఇంటి ధర మారిపోతుంది. పైన ఒక గది వేసుకుందామంటే పర్మిషన్ రాదు. కూతురి పెళ్లికి ఇల్లు కుదువబెడదామంటే అప్పిచ్చేవాడు మ్యాపు అడుగుతాడు. భవిష్యత్తు గురించి మాట్లాడే కాగితం దెబ్బ వర్తమానం మీదే కొడుతుంది. అందుకని మేం అడిగే ప్రశ్న ఇంజనీర్లది కాదు, నీతికి సంబంధించింది. మాట ఇస్తున్నది ఎవరు? ఎవరికి? తప్పితే ఎవరి చొక్కా పట్టుకోవాలి? ప్లాను వాగ్దానమా, హుకుమా? మా అనుమానం ఏమిటంటే, అది పట్నంలో కొందరికి వాగ్దానం, కొందరికి హుకుం.

ఈ మాట అనగానే 'మీ నవాబుల కాలంలో అడిగి చేశారా?' అనేవాళ్లుంటారు. మంచి ప్రశ్న. ఈ ఊరికి మొదటి నక్షా 1591 నాటిది. చార్మినార్‌ను నడుమ పెట్టి నాలుగు దిక్కులా నాలుగు బజార్లు సాగేట్టు ఆ నక్షా వేసింది మహమ్మద్ కులీ కుతుబ్‌షా పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ అంటారు. ఆయన్ని ఎవరెన్నుకున్నారు? ఎవరూ ఎన్నుకోలేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మీద మూసీకి అడ్డంగా ఉస్మాన్ సాగర్ 1920కి, ఈసీకి అడ్డంగా హిమాయత్ సాగర్ 1927కి తయారయ్యాయి. ఆ నీళ్ల కింద పోయిన పొలాలవాళ్లను ఎవరన్నా రాయి అడిగినట్టు అడిగారా? 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. తర్వాత చిన్న షహజాదా మొఅజ్జం జా దానికి అధ్యక్షుడయ్యాడు. మొజంజాహీ మార్కెట్టుకు ఆయన పేరే. పత్తర్‌గట్టి బోర్డు కట్టిందే. ఇరుకు బస్తీలను పడగొట్టింది కూడా బోర్డే. ఆ బస్తీల్లో వుండింది ఎవరు? దర్జీలు, భిస్తీలు, ధునియాలు, మాదిగలు, కుమ్మర్లు. వాళ్లలో నవాబులెవరూ లేరు.

కాబట్టి నవాబుల ప్లానులో మా హిస్సా వుండిందని చెప్పుకోవడం మాకు చేతకాదు. దేవిడీ గోడ లోపలివాళ్ల చరిత్రను గోడ బయటివాళ్ల మీద రుద్దితే మేమెందుకు మోయాలి? పాలకుడి మతం పాలితుడికి ఇల్లు కట్టివ్వదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రెండు చెరువులు మంచి ప్లాన్లే. వంద ఏళ్లుగా పట్నం ఆ నీళ్లు తాగింది. అంటే ముందుచూపు తప్పు కాదు. ముందుచూపు లేకపోతే మునిగేది పేదవాడే, నది ఒడ్డున వుండేది వాడే గనక. ప్లాన్లే వద్దనేవాళ్ల జట్టులో మేం లేం.

రాజుల కాలం పోయి ఓట్ల కాలం వచ్చింది. ఇక అడిగి చేస్తారనుకున్నాం. కార్పొరేషన్ పరిధికి మాస్టర్ ప్లాను 1975లో వచ్చింది. ఆ ఏడాదే హుడా ఏర్పడింది. పాతబస్తీకని ప్రత్యేకంగా కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థ 1981లో పుట్టింది. 1975 నాటి ప్లానుకు బదులు కొత్తది ఖరారు అయ్యేసరికి 2010 వచ్చింది. ముప్ఫై అయిదేళ్లు! ఎమర్జెన్సీ రోజుల్లో గీసిన గీతల మీద సెల్‌ఫోన్ల కాలం దాకా పట్నం నడిచింది. మధ్యలో ఎవరికి పలుకుబడి వుంటే వాళ్ల స్థలానికి రంగు మార్చుకున్నారు. నివాసం పసుపు, పార్కు ఆకుపచ్చ. (మ్యాపులో ఆకుపచ్చ చూసి మావాళ్లు మురిసిపోనక్కర్లేదు, మా పచ్చకు దానితో బాదరాయణ సంబంధం కూడా లేదు.) రంగు మార్చుకోవడానికి సచివాలయం దాకా నడిచే కాళ్లు కావాలి. హరిబౌలీ గాజుల అంగడివాడికి ఆ కాళ్లు ఎక్కడివి?

1993 జూన్ 1న రాజ్యాంగం 74వ సవరణ అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో పురపాలికలకు అప్పగించదగిన పనులు పద్దెనిమిది రాశారు. మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. రోడ్లకన్నా, నీళ్లకన్నా, చెత్తకన్నా ముందు. మూడు లక్షలు దాటిన ఊళ్లలో వార్డు కమిటీలుండాలని, మహానగరాలకు ప్రణాళికా సంఘం వుండాలని, అందులో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ఎన్నికైనవాళ్లే వుండాలని రాశారు. ఎంత బాగా రాశారు! కానీ అప్పుడు హైదరాబాద్‌కు కార్పొరేటర్లే లేరు. 1986లో ఎన్నికైన పాలకవర్గం 1991లో ఇంటికి పోయాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2002 జనవరిలో. ఆ మధ్య పదకొండేళ్లు స్పెషల్ ఆఫీసర్ల రాజ్యం. సరిగ్గా ఆ పదకొండేళ్లలోనే పట్నం మొహం మారింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. 1999 జనవరిలో విజన్ 2020 విడుదలయింది. మెకిన్సీ కంపెనీ సాయంతో తయారయిన ఆ దస్తావేజు రాష్ట్రం మొత్తానికి. అయినా దాని కళ్లన్నీ హైదరాబాద్ మీదే, అందులోనూ పడమటి హైదరాబాద్ మీదే. పట్నం ఇరవై ఏళ్ల తలరాత రాసే గదిలో పట్నం ఎన్నుకున్న మనిషి ఒక్కడూ లేడు. హిందువూ లేడు, ముసల్మానూ లేడు. ఈ నొప్పి మా ఒక్కళ్లది కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ఎన్నికైన కౌన్సిల్ వచ్చాక మారిందా? 2007 ఏప్రిల్ 16న పన్నెండు మునిసిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేశారు. మరుసటి ఏడాది హుడా పెరిగి 2008లో హెచ్ఎండీఏ అయింది. మాస్టర్ ప్లాను హెచ్ఎండీఏ చేతిలో, హెచ్ఎండీఏకు అధ్యక్షుడు ముఖ్యమంత్రి. 2013లో ఖరారైన 2031 ప్లాను పరిధి సుమారు ఆరు వేల చదరపు కిలోమీటర్లు. మా కార్పొరేటర్ మా గల్లీలో స్తంభం లైటు మార్పించగలడు. గల్లీనే తీసేసే కాగితం మీద మాత్రం అతని సంతకం అక్కర్లేదు. ఓటు వేసింది ఒకరికి, జవాబు చెప్పవలసింది ఇంకొకరు. ఇరవై ఏళ్ల ప్లానుకు అయిదేళ్ల ప్రభుత్వం సంతకం పెడుతుంది. గడువు వచ్చేనాటికి సంతకం పెట్టినవాడు కుర్చీలో వుండడు, ఒక్కోసారి భూమ్మీదే వుండడు. బజార్లో వంద రూపాయలు అప్పు తీసుకున్నవాడు నోటు రాసిస్తాడు. పట్నానికి ఇచ్చిన మాటకు నోటు లేదు.

విజన్ 2020లోని 2020 నిజంగానే వచ్చింది. ఎట్లా వచ్చిందో అందరికీ తెలుసు. మార్చి నుంచి తాళాలు. అక్టోబర్ 13న వాన. పల్లె చెరువు నీళ్లు అల్ జుబైల్ కాలనీలో, ఆ తర్వాత గుర్రం చెరువు కట్ట తెగిన నీళ్లు హాఫిజ్ బాబానగర్‌లో. మా వైపూ హుస్సేన్ సాగర్ నాలా అశోక్‌నగర్, నల్లకుంట బస్తీలను వదల్లేదు. 2000 ఆగస్టులో ఇట్లాగే మునిగాక నాలాల మీద కిర్లోస్కర్ సంస్థతో నివేదిక రాయించారు. 2003లో అది చేతికొచ్చింది. నాలాలు వెడల్పు చేయాలని అందులో వుంది. పదిహేడేళ్ల తర్వాత మళ్లీ మునిగినప్పుడు అందరూ వెతికింది ఆ నివేదికనే. అదీ ప్లానే, అదీ ముందుచూపే. దాన్ని ఎందుకు అమలు చేయలేదు? ఐటీ కారిడార్ అయిదేళ్లలో లేచింది గదా! రెండూ కాగితాలే. ఒక కాగితానికి రెక్కలొచ్చాయి, ఒకదానికి చెద పట్టింది.

ఈ తేడా దగ్గరే మేం ఆగిపోయాం. ఇక్కడే అసలు సంగతి వుందనిపించింది. ఏ ప్లానులోనైనా రెండు భాగాలుంటాయి. తీసుకునే భాగం, ఇచ్చే భాగం. రోడ్డు వెడల్పుకు మీ అంగడి తీసుకుంటాం, మీకు రైలు ఇస్తాం. నది శుభ్రానికి మీ ఇల్లు తీసుకుంటాం, మీకు అపార్టుమెంటు ఇస్తాం. తీసుకునే భాగం బుల్‌డోజర్ వేగంతో వస్తుంది. ఇచ్చే భాగం టెండరు వేగంతో వస్తుంది. ఒకే సంతకం కింద వున్న రెండు భాగాలకు రెండు గడియారాలు ఎట్లా వుంటాయి? ఇది అసమర్థత అనుకుంటే ఆ అసమర్థత ఎప్పుడూ ఒకే వైపు ఎందుకు ఒరుగుతుంది?

మెట్రో సంగతే తీసుకోండి. 2010 సెప్టెంబర్‌లో ఒప్పందం అయినప్పుడు జూబ్లీ బస్టాండునుంచి ఫలక్‌నుమా దాకా ఒక లైను వుంది. అది ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా వస్తుంది. మా ఇళ్ల పక్కనుంచే అన్నమాట. 2017 నవంబర్‌లో మొదటి రైలు మియాపూర్, నాగోల్ మధ్య నడిచింది. మా లైను 2020 ఫిబ్రవరి 7న తెరిచారు. ఇమ్లీబన్ బస్టాండు దాకా. అక్కడ ఆగిపోయింది. మూసీ దాటితే పాతబస్తీ. అక్కడినుంచి ఫలక్‌నుమాకు అయిదున్నర కిలోమీటర్లు. మూడు లైన్లూ కలిపి అరవై తొమ్మిది కిలోమీటర్లు కట్టినవాళ్లకు ఆ అయిదున్నరే మిగిలింది. చిక్కడపల్లిలో మేం రైలెక్కిన ప్రతిసారీ పెట్టెలో గోడ మీది పటం చూస్తాం. గీత ఎక్కడ తెగిందో చూపించడానికి ఏ సామాజిక శాస్త్రవేత్తా అక్కర్లేదు.

ఇందులో మా పెద్దల పాత్ర లేదంటే అబద్ధం అవుతుంది. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతేబార్ చౌక్, అలీజా కోట్లా, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలీ, షాలీబండ మీదుగా పోయే ఆ దారి పొడవునా మస్జిద్‌లు, ఆషూర్‌ఖానాలు, గుళ్లు, చిల్లాలు వున్నాయి. వాటి పేరు చెప్పి రాజకీయ నాయకులు దారి మార్చమన్నారు. ప్రార్థనా స్థలాల గురించి అడగడం న్యాయమే. కానీ ఆ గోడలు కాపాడుతున్నామంటూ ఆ గోడల పక్కన బతికేవాళ్ల బస్సు కష్టాలను ఏళ్ల తరబడి లెక్కలోకి తీసుకోలేదు. యాకుత్‌పురా పిల్ల మాదాపూర్‌లో ఉద్యోగానికి రెండు బస్సులూ ఒక ఆటో మారి పోతుంది. ఆమెను ఎవరూ అడగలేదు, సర్కారూ అడగలేదు, మా పెద్దలూ అడగలేదు. మైనారిటీ అనే మాటకు మా లోపల కూడా ఒక మైనారిటీ వుంది. మా తరఫున మాట్లాడే హక్కు ఎవరికీ రాసివ్వలేదని చెప్పడానికే మాలాంటి వాళ్లం కలం పట్టాం. సర్కారుతో మాట్లాడేటప్పుడు ఒక నీతి, ఇంట్లో మాట్లాడేటప్పుడు ఇంకో నీతి పనికిరాదు.

చివరికి 2024 మార్చి 8న ఆ లైనుకు శంకుస్థాపన జరిగింది. చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి ఏడున్నర కిలోమీటర్లు చేశారు. 2025 జనవరిలో స్థలాలు పోయేవాళ్లకు చెక్కులు మొదలయ్యాయి, గజానికి 81,000 రూపాయల లెక్కన. తర్వాత ఇళ్లు కూలడమూ మొదలయింది. ఇది రాసేనాటికి తీసుకునే భాగం కళ్ల ముందు వుంది, రైలు ఇంకా రాలేదు. దారి పక్కనే దాయిరాలో మీర్ మోమిన్ పడుకుని వున్నాడు. మొదటి నక్షా వేసినవాడి సమాధి పక్కనుంచి ఇప్పటి నక్షా పోతోంది.

చెక్కు ఎవరికి అనేది ఇంకో ప్రశ్న. కాగితం వున్నవాడికి. పాతబస్తీలో అంగడి నడిపేవాడిలో చాలామంది కిరాయిదారులు. తాత పగిడీ ఇచ్చి పట్టిన మలిగీలో మనవడు జర్దోజీ పని చేస్తుంటాడు. మలిగీ యజమాని ఎక్కడో జెద్దాలోనో షికాగోలోనో వుంటాడు. 2014 జనవరి 1 నుంచి అమల్లో వున్న భూసేకరణ చట్టం బాధిత కుటుంబం అన్నదాంట్లో మూడేళ్లుగా అక్కడ పనిచేసుకు బతికే కిరాయిదార్లనూ చేతిపనివాళ్లనూ చేర్చింది. మంచి చట్టం. ఆ మూడేళ్లు నిరూపించుకోవడానికి మళ్లీ కాగితం కావాలి. మా బతుకంతా ఈ కాగితం చుట్టే తిరుగుతుంది. ఎక్కడివాళ్లం అని నిరూపించుకోవడానికి ఒక కాగితం, ఎన్నాళ్లున్నాం అని నిరూపించుకోవడానికి ఇంకోటి.

ఈ విషయం మీద మాకూ ఒక మిత్రుడికీ నారాయణగూడ ఇరానీ హోటల్లో ఎన్ని చాయ్‌లు అయిపోయాయో చెప్పలేం. ఆయన రిటైరయిన ఇంజనీరు. నిజాయితీపరుడు. మమ్మల్ని భాయ్‌సాబ్ అంటాడు, మేం ఇంజనీరుగారూ అంటాం. ఒకరోజు టేబుల్ మీద చెయ్యి కొట్టి అన్నాడు.

'భాయ్‌సాబ్, అందర్నీ అడిగితే ఏ పనీ కాదు. విశ్వేశ్వరయ్య ఊరూరూ తిరిగి చేతులెత్తమంటే ఉస్మాన్ సాగర్ వుండేదా? నది గర్భంలో ఇల్లు కట్టుకున్నవాణ్ని లేపడం క్రూరత్వం అంటారు మీరు. లేపకపోవడం హత్య అంటాను నేను. 1908 మర్చిపోయారా?'

మర్చిపోలేదు. ఆయన మాటలో బలం వుంది. దాన్ని దాటేసి పోతే మేం రాసేది కరపత్రం అవుతుంది. 2024 సెప్టెంబర్ చివర్లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. నది గర్భంలో వున్నావని అర్థం. ఆ ఇళ్లు నీటి దారిలో వున్నమాట నిజం. అక్కడ వుండమని చెప్పడం దయ కాదు. కానీ ఇంజనీరుగారూ, నదిలో ఇల్లున్నవాడికి కరెంటు మీటరు ఎవరిచ్చారు? ఇంటి నంబరు ఎవరు వేశారు? ఇంటిపన్ను ఎవరు వసూలు చేశారు? ఓటరు లిస్టులో ఎవరు రాశారు? ఇరవై ఏళ్లు పన్ను తీసుకున్న చెయ్యి ఇరవై ఒకటో ఏడు 'నువ్వు ఇక్కడ లేవు, ఆక్రమణదారువి' అంటే ఆ చెయ్యి ఏమైనట్టు? పట్నం భద్రంగా వుండటానికి ఇల్లు వదిలేవాడు పట్నానికి అప్పిచ్చినవాడు. ఆ మనిషిని మన కాగితాలు దొంగ కింద రాస్తాయి. లేపడం మీద కాదు మా తగాదా, ఆ రాత మీద. దొంగనని రాసినవాడికి ఇచ్చేది భిక్ష. అప్పిచ్చినవాడికి ఇచ్చేది బాకీ. భిక్షను బడి ఏడాది మధ్యలో, అర్ధసంవత్సరం పరీక్షల ముందర, ఎక్కడో దూరాన కూడా వేయొచ్చు. బాకీ అట్లా తీర్చరు.

ఇంకో మాట కూడా అన్నాం. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలు కూడదని 1996లో జీవో 111 ఇచ్చారు. ఎనభై నాలుగు గ్రామాలు. అదీ నది కోసమే. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు తీసేశారు. అక్కడి చిన్న రైతులు పాపం భూమి అమ్ముకోలేక ఇరవై ఆరేళ్లు నలిగారు, వాళ్ల బాధ మాకు అర్థమవుతుంది. అయితే వాళ్ల కన్నా ముందే అక్కడ ఫామ్‌హౌసులు లేచాయి. ఎగువన నది కోసం గీసిన గీత చెరిగిపోయింది. దిగువన నది కోసం గీసిన గీత గోడల మీద ఎర్రగా వెలిగింది. నీళ్లు ఎగువనుంచి దిగువకే గదా ప్రవహిస్తాయి, ఇంజనీరుగారూ?

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, అది విరిగి కప్పులో పడిపోతే స్పూనుతో వెతుకుతూ కూర్చున్నాడు. ఆయనకు జవాబు లేక కాదు, ఆయన జవాబు సచివాలయం వినదు గనక.

ఢిల్లీ ముసల్మాన్లను అడిగితే తుర్క్‌మాన్ గేట్ అంటారు. ఢిల్లీకి మాస్టర్ ప్లాను 1962లో వచ్చింది. 1976 ఏప్రిల్‌లో తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చారు, కాల్పులు జరిగాయి. అప్పుడూ మురికివాడల నిర్మూలన, నగర సుందరీకరణ అనే మాటలే వాడారు. మా తరం అప్పటికి చిన్నపిల్లలం, కొందరం పుట్టలేదు కూడా. అయినా ఇంట్లో బుల్‌డోజర్ అనే మాట ఎట్లా పలుకుతారో విని పెరిగాం. అందుకే సుందరం అనే మాట వినగానే మావాళ్లు ముందు ఇంటి దస్తావేజులు ఎక్కడున్నాయో చూసుకుంటారు. దీన్ని చాదస్తం అనొచ్చు. దెబ్బ తిన్నవాడి చాదస్తానికి ఒక చరిత్ర వుంటుంది.

ప్లాను మ్యాపులకు తెలియని గీతలు కొన్నున్నాయి. 1990 డిసెంబర్ అల్లర్లు, 1992 డిసెంబర్ తర్వాత భయంతో మూసీ అటునుంచి ఇటు, ఇటునుంచి అటు మారిన కుటుంబాలు మాకు తెలుసు. మా మధ్యే ఇట్లాంటి ఇళ్లున్నాయి. ఇవాళ మా వైపు కిరాయి ఇల్లు వెతికేటప్పుడు గేటు దగ్గర 'పేరేంటండీ?' అని అడుగుతారు. పేరు చెప్పగానే 'మొన్ననే ఎవరికో ఇచ్చేశామండీ' అంటారు. ఒకాయన మరీ మర్యాదగా కాఫీ ఇచ్చి మరీ లేదన్నాడు. ఏ మాస్టర్ ప్లానూ ఫలానా వాళ్లు ఫలానా చోటే వుండాలని రాయదు. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో ముస్లింలు 43 శాతం పైన. అంత జనం ఎక్కడ గుమిగూడాల్సి వచ్చిందో, ఎందుకు గుమిగూడారో మ్యాపు గీసేవాడు తెలుసుకోకపోతే, గుమిగూడిన చోట నీటి పైపు చిన్నదయిపోతుంది, బడి చిన్నదయిపోతుంది, ఖబరస్తాన్ చిన్నదయిపోతుంది. చచ్చినవాడికి ఆరడుగులు దొరకడం కూడా పట్టణ ప్రణాళిక విషయమేనని మాకు మయ్యత్‌లు మోసి మోసి తెలిసింది.

అడగడం అసాధ్యం అనే వాదన మాత్రం నిలవదు. కేరళలో 1996 నుంచి ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చి గ్రామసభల్లో, వార్డుల్లో కూర్చుని ప్లాన్లు వేయించారు. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రీ పట్నం 1989 నుంచి బడ్జెట్టు మీద బస్తీ సభలు పెట్టింది. రెండుచోట్లా లోపాలున్నాయి, పార్టీ పట్టింపులున్నాయి. అయినా ఆకాశం విరిగిపడలేదు. ఇక్కడ అడగడం అంటే పేపర్లో ఒక ప్రకటన వేసి, ఫలానా ఆఫీసులో మ్యాపు పెట్టాం, గడువులోగా అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇవ్వండి అనడం. అక్కడికి పోయి చూసినవాళ్లం గనక చెబుతున్నాం. ఆ మ్యాపులో తన గల్లీ ఎక్కడుందో తేల్చుకోవడానికి అర్ట్స్ డిగ్రీ చదివిన మాకే పూట పట్టింది. 2017 నుంచి తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష. బోర్డుల మీద బాగానే రాస్తున్నారు. ఇల్లు తీసుకునే నోటీసు ఇంటివాడికి వచ్చిన భాషలో రాయడం అంతకన్నా ముందు పని కాదా? షాలీబండలో ఒక టోపీల దుకాణం ముసలాయన మాతో అన్నాడు: 'మేరే కో కోన్ పూఛా బావా? లకీర్ పైలే ఆయీ, కాగజ్ బాద్ మే ఆయా.' గీత ముందొచ్చింది, కాగితం తర్వాతొచ్చిందట.

ఇప్పుడు 2050కి ప్లాను తయారవుతోందని అంటున్నారు. 2047 లక్ష్యాల మాటా వింటున్నాం. మొన్న అదే హోటల్లో ఇంజనీరుగారు అడిగాడు.

'అభ్యంతరాలు పిలిచినప్పుడు ఏం రాస్తారు భాయ్‌సాబ్? వ్యాసం రాస్తే చదవరు. ఒక పేజీ చాలు.'

మేం చెప్పాం. ఏ వార్డులో ఏ సంవత్సరం ఏం పోతుందో రాసే పట్టిక పక్కనే, అదే వార్డుకు అదే సంవత్సరం ఏం వస్తుందో రాయాలి. ఇచ్చేది ఇవ్వకముందు తీసుకునేది ముట్టుకోకూడదు. సర్వేలో యజమాని పేరు కింద కిరాయిదారు పేరు, చేసే పని, ఎన్నేళ్లనుంచి అనేది సర్వే చేసేవాళ్లే రాసుకోవాలి, నిరూపించుకునే భారం అతని మీద వేయకూడదు. పన్ను కట్టిన ఇంటిని ఆక్రమణ అని రాయకూడదు. వార్డు సభ పెట్టి మ్యాపు గోడకు తగిలించి తెలుగులో, ఉర్దూలో చదివి వినిపించాలి, ఆడవాళ్లు రాగలిగే వేళలో. కార్పొరేషన్ కౌన్సిల్‌లో ఓటుకు పెట్టకుండా ఏ గీతా ఖరారు చేయకూడదు. ఎవరు చెయ్యెత్తారో పేర్లతో అచ్చువేయాలి.

ఇంజనీరుగారు జేబులోంచి కలం తీసి మా కాగితం తనవైపు తిప్పుకున్నాడు. మొదటి వాక్యంలో 'మనవి' అన్న మాట కొట్టేసి 'అభ్యంతరం' అని రాశాడు. మనవి అని వుంటే దానికి నంబరు వేయరట.